సూత్రం ఆగిన చోట జోస్యం

ఒకటిని ఒక సంఖ్యతో భాగిస్తూ, ఆ సంఖ్యను సున్నాకు చేరువ చేసేకొద్దీ ఫలితం హద్దు లేకుండా పెరిగి, సున్నా వద్ద అర్థమే కోల్పోతుంది. ఇటువంటి స్థానాన్ని గణితంలో సింగ్యులారిటీ అంటారు. భౌతికశాస్త్రంలో అది ఎదురైతే సిద్ధాంతపు చెల్లుబాటు అక్కడితో ముగిసిందని భావించడం పరిపాటి. గురుత్వాకర్షణను వివరించే సాధారణ సాపేక్షతా సమీకరణాలకు 1916లో కార్ల్ ష్వార్జ్‌షిల్డ్ ప్రకటించిన పరిష్కారంలో సమీకరణం కేంద్రం వద్దనే కాక, దాని చుట్టూ ఉన్న ఒక గోళతలం వద్ద కూడా విఫలమైనట్లు కనిపించగా, ఆ రెండవది ఎంచుకున్న నిరూపకాల లోపమేనని తరువాతి దశాబ్దాలలో తేలింది. మొదటిది అలా తొలగిపోలేదు. 1955లో అమల్ కుమార్ రాయ్‌చౌధురి ప్రచురించిన సమీకరణం వేసిన బాటలో సాగి, కుప్పకూలే నక్షత్రానికి అది కొన్ని షరతులకు లోబడి అనివార్యమని 1965లో రోజర్ పెన్‌రోజ్ నిరూపించాడు. అయినా అక్కడ అనంత సాంద్రత ఉందని ఆ నిరూపణ చెప్పదు; కాంతి పథాలు అర్ధాంతరంగా ముగుస్తాయని మాత్రమే చెబుతుంది.

సూత్రం విఫలమయ్యే చోటును లోకానికి ముహూర్తంగా చదివితే ఏమవుతుందో 1960లో సైన్స్ పత్రికలో హైంజ్ వాన్ ఫోయర్‌స్టర్, ఆయన సహచరులిద్దరు ప్రచురించిన పత్రం చూపుతుంది. గత రెండు వేల ఏళ్ల జనాభా అంచనాలకు వారు అమర్చిన వక్రరేఖ 2026 నవంబరు 13, శుక్రవారం నాడు అనంతాన్ని తాకుతుంది. (పాశ్చాత్యులు అశుభంగా ఎంచే పదమూడో తేదీ శుక్రవారాన్నే ఏరుకోవడంలో చమత్కారం లేకపోలేదు.) ఆ దశాబ్దంలోనే జనాభా వృద్ధిరేటు రెండు శాతం దాటి గరిష్ఠానికి చేరి, ఆపై తగ్గుతూ వచ్చి, ఇప్పుడు ఒక శాతం లోపున ఉంది; దంపతులు తక్కువమంది పిల్లలను కనాలనుకోవడానికి ఆ సూత్రంలో చోటు లేదు.

యంత్రాల మేధ మనిషిని మించిపోయే ఘట్టంగా కొందరు ఊహించే సాంకేతిక సింగ్యులారిటీకి ఈ పాటి గణితాధారం కూడా లేదు. మనిషిని మించిన యంత్రం తనకంటే మెరుగైన యంత్రాన్ని రూపొందిస్తుందని 1965లో ఐ. జె. గుడ్ చేసిన వాదం ఆలోచించదగినదే గాని, ఒక్కొక్క మెట్టూ ఎక్కేకొద్దీ మెరుగుదల సులభమవుతుందో కష్టమవుతుందో వాదంతో తేలేది కాదు. రే కర్జ్‌వైల్ 2005 నాటి తన గ్రంథంలో 2045ను గడువుగా పెట్టాడు; నిర్ణీత కాలానికొకసారి రెట్టింపయ్యే రాశి పరిమిత కాలంలో అనంతాన్ని చేరదు గనుక, ఆయన గీసిన వక్రరేఖపై ఆ సంవత్సరానికి ఏ విశేషమూ లేదు. మరణాన్ని జయించగలమనీ, గతించిన తండ్రిని కంప్యూటర్‌లో పునఃసృష్టించగలమనీ ఆయన బాహాటంగానే ఆశించడాన్ని బట్టి, ఈ విశ్వాసానికి మూలం సమీకరణంలో కంటే వియోగ దుఃఖంలోనే ఎక్కువగా ఉందనుకోవచ్చు. ఒక్క విషయంలో మాత్రం సాంకేతిక సింగ్యులారిటీకి గడువు పెట్టినవారు, సంఘటన జరిగాక వీరబ్రహ్మం కాలజ్ఞానంలో దానికి సరిపడే వాక్యాన్ని వెతికే వ్యాఖ్యాతలకంటే నయం: తేదీని ముందే ప్రకటించి, తప్పని తేలే అవకాశాన్ని మిగిల్చారు. ఆ పరిణామం 2005కు ముందుగాని 2030 తరువాతగాని జరిగితే ఆశ్చర్యపోతానని 1993లో రాసిన వెర్నర్ వింజ్ పెట్టిన గడువు, కర్జ్‌వైల్ గడువుకంటే ముందే ముగుస్తుంది.