మూడో తీగ ఎక్కడినుంచి వస్తుంది?

ఇంట్లో ఉన్నది సింగిల్ ఫేజు కరెంటు. కొన్న యంత్రమేమో త్రీ ఫేజుది. ఏం చెయ్యాలి? అమెరికాలో ఇంటి వెనుక షెడ్డులో పనిచేసుకునేవాళ్లు దీనికి చాలాకాలంగా ఒక జవాబు చెబుతున్నారు. పాత త్రీ ఫేజు మోటారు ఒకటి తెచ్చి, దాన్నే కన్వర్టరుగా వాడుకోమంటారు. దీని పేరు రోటరీ ఫేజ్ కన్వర్టర్. అది చూసి మన కుర్రాళ్లు కూడా వెల్డింగు మిషను కోసం దీన్ని తయారు చేస్తామంటున్నారు. యంత్రం గొప్పదే. కాని వెల్డింగు కోసం దాన్ని కట్టడం చాలాసార్లు డబ్బు దండగ అని నా అభిప్రాయం. ఎందుకో చెప్పేముందు దాని గొప్పతనం చూద్దాం.

ముగ్గురు ఆడవాళ్లు ఒకే రోట్లో మూడు రోకళ్లు వేసి దంచడం మీలో కొందరైనా చూసి ఉంటారు. ఒకరి రోకలి లేచేసరికి ఇంకొకరిది పడుతుంది. దంపు ఎక్కడా ఆగదు. త్రీ ఫేజు అంటే అదే. మూడు తీగలలోనూ కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది గాని, ఒకదాని వెనుక ఒకటిగా, ఊపులో మూడో వంతు తేడాతో ఊగుతుంది. సింగిల్ ఫేజు ఒంటి రోకలి. అందులో అందే శక్తి సెకనుకు 100 సార్లు సున్నాకు దిగి లేస్తుంది.

త్రీ ఫేజు మోటారులో మూడు జతల చుట్లుంటాయి. మూడు ప్రవాహాలు వరసగా వచ్చేటప్పటికి లోపలి అయస్కాంత క్షేత్రం గుండ్రంగా తిరుగుతుంది. ఫెరారిస్, టెస్లా 1888లో లోకానికి వెల్లడించిన సంగతి ఇదే. ఆ మోటారుకు సింగిల్ ఫేజు ఇస్తే క్షేత్రం తిరగదు, ముందుకూ వెనక్కూ ఊగుతుంది. మోటారు గుయ్యిమని మూలుగుతుంది, వేడెక్కుతుంది, కదలదు. కాని కెపాసిటరుతోనో, తాడు చుట్టి లాగో దాన్ని ఒకసారి తిప్పామా, ఇక అదే తిరుగుతూ పోతుంది!

అసలు తమాషా అప్పుడు మొదలవుతుంది. తిరిగే రోటరులోని కడ్డీలలో ప్రవాహాలు పుట్టి, రోటరు తానే ఒక అయస్కాంతమవుతుంది. ఆ అయస్కాంతం, మనం ఏమీ కలపని మూడో చుట్టు ముందునుంచి కూడా తిరిగి వెళుతుంది. ఫారడే 1831లో కనిపెట్టిన ప్రేరణ ప్రకారం అందులోనూ వోల్టేజి పుడుతుంది. మూడో తీగ వచ్చింది!

ఇందులో శక్తి ఊరికే రాలేదు. వచ్చేది ఒంటి రోకలి దంపు. మధ్య ఖాళీలలో శక్తి ఎవరిస్తున్నారు? రోటరు ఇస్తున్నది. కుమ్మరి కర్రతో సారెను తిప్పి కర్ర తీసేస్తాడు, అయినా సారె తిరుగుతూ కుండకు రూపమిస్తుంది గదా! అలాగే రోటరు కూడా తన గతిజశక్తిని కాస్త అరువిచ్చి, మరుక్షణం తిరిగి పుచ్చుకుంటుంది, సెకనుకు 100 సార్లు.

ఇది షెడ్డులో ఆడుకునే బొమ్మ కాదు. మన రైలు మార్గాలపై ఉండే తీగలో 25,000 వోల్టుల సింగిల్ ఫేజు కరెంటు ఉంటుంది. వాగ్-5 వంటి ఇంజన్లలో గాలి పంకాలను, కంప్రెసర్లను నడిపే మోటార్లు త్రీ ఫేజువి. అందుకని ఇంజను లోపలే ఆర్నో కన్వర్టర్ అనే యంత్రాన్ని పెట్టేవారు. అది చేసే పని ఇప్పుడు చెప్పుకున్నదే. తరువాతి కాలంలో దాని చోట, తిరిగే భాగాలు లేని ఎలక్ట్రానిక్ కన్వర్టర్లు వచ్చాయి.

ఇక వెల్డింగు సంగతి. నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు ఆ మధ్య వచ్చి, "మాస్టారూ, పాత వెల్డింగు సెట్టు చవగ్గా దొరికింది, కన్వర్టరు కడదామనుకుంటున్నాను" అన్నాడు. "దాని ప్లేటు మీద ఏముందిరా?" అన్నాను. చూడలేదట! మర్నాడు చూసి వచ్చాడు. 415 వోల్టులు, ఫేజు 1. షాపులో "రెండు ఫేజుల మిషను" అంటే మూడుకు ఒకటే తక్కువ అనుకున్నాడు పాపం. రెండు తీగల మధ్య ఉండేది ఒకే ఊపు. అంటే అది సింగిల్ ఫేజే, వోల్టేజి ఎక్కువ, అంతే. అందులో ఉన్నది ట్రాన్స్‌ఫార్మరు. దానికి తిరిగే క్షేత్రంతో పనేమిటి?

ఇంకో చిక్కు కూడా ఉంది. అమెరికా ఇళ్లలో 240 వోల్టులు దొరుకుతాయి, అక్కడి చిన్న త్రీ ఫేజు యంత్రాలలో చాలావాటికి కూడా సుమారు అంతే కావాలి. వాళ్ల పథకం అక్కడ సరిపోతుంది. మన ఇంట్లో 230, మన త్రీ ఫేజు యంత్రాలకు 400 నుంచి 415. కన్వర్టరు తీగను పుట్టిస్తుంది గాని వోల్టేజి పెంచదు. 415కు చేసిన సెట్టుకు 230 ఇస్తే, 70 వోల్టులు రావలసిన చోట 39 కూడా రావు. ఆర్కు సరిగా పుట్టదు. అప్పుడు వోల్టేజి పెంచే ట్రాన్స్‌ఫార్మరు ఇంకొకటి కొనాలి. ఖర్చు మీద ఖర్చు!

3.15 మిల్లీమీటర్ల రాడ్డుకు సుమారు 100 ఆంపియర్లు కావాలి. ఆర్కు దగ్గర 24 వోల్టులనుకుంటే 2,400 వాట్లు. నష్టాలు కలుపుకుంటే ఇంటి లైను మీద ఇంకా ఎక్కువ పడుతుంది. ఇదంతా ఒకే ఫేజు మీద. మీ ఇంట్లో రాడ్డు అంటించినప్పుడల్లా పొరుగింటి దీపం గుడ్డిదవుతుంది. కన్వర్టరు ఈ బరువును తగ్గించదు, తన నష్టాన్ని కూడా కలుపుతుంది.

చిన్న పనికి ఇప్పుడు ఇన్వర్టర్ వెల్డింగు సెట్లున్నాయి. అవి 230 వోల్టులు తీసుకుని, ముందు ఏకముఖ విద్యుత్తుగా మార్చి, సెకనుకు వేలసార్లు ఊగేలా చేస్తాయి. అంత వేగమైన ఊపుకు చిన్న ట్రాన్స్‌ఫార్మరు చాలు. అందుకే చేత్తో మోసుకుపోవచ్చు. పని పెరిగి షాపు పెట్టేవాడు త్రీ ఫేజు కనెక్షనుకు దరఖాస్తు పెట్టుకోవడమే మంచిది. రోటరీ కన్వర్టరు మోటార్లున్న చోట, అంటే లేతు, మిల్లింగు మిషను వంటివాటికి తగినది. అప్పుడు కూడా కన్వర్టరు మోటారు, నడిపే మోటారు కన్నా పెద్దదిగా ఉండాలి. లైసెన్సున్న ఎలక్ట్రీషియను కట్టాలి. మనం కరెంటు ఇవ్వని మూడో కొన కూడా ప్రాణం తీయగలదు. కెపాసిటరు స్విచ్చి ఆపాక సైతం షాకు కొడుతుంది. మీరు మాత్రం చెయ్యిపెట్టకండి.

మన పిల్లలు ట్రాన్స్‌ఫార్మరు లెక్కలు ఇట్టే చేస్తారు, మిషను మీది ప్లేటు చదవమంటే నీళ్లు నములుతారు. ఆ ప్లేటు మీద ఒక ప్రశ్న పరీక్షలో ఎందుకు ఇవ్వరో నాకు అర్థం కాదు. మీ ఊరి వెల్డింగు షాపుకు వెళ్లండి. ఆర్కు వెలుగును చూడకండి, కళ్లు పోతాయి. పని ఆపినప్పుడు యజమానినడిగి ప్లేటు చూడండి. వోల్టులెన్ని, ఆంపియర్లెన్ని, ఫేజు దగ్గర 1 ఉందా, 3 ఉందా? రాసుకు వచ్చి మీ సైన్సు మాస్టారికి చూపించండి.