కూటికాసుపై జప్తు తగదు

చేసిన అప్పు తీర్పవలెననుట ధర్మము. ఆ ధర్మమును మేము కాదనుట లేదు. కాని ఋణగ్రస్తుని బిడ్డల నోటికందవలసిన కూటిని లాగికొని ఆ ధర్మమును నెఱవేర్పజూచుట న్యాయము కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములందు ఆసుపత్రి బిల్లుకో, క్రెడిట్ కార్డు బాకీకో డిక్రీ పొందిన ఋణదాత, కార్మికుని జీతము అతని చేతికి రాకమునుపే, యజమానిచేతనే అందు కొంతభాగమును కోయించి తీసికొనుచున్నాడు.

ఈ పద్ధతివలని కీడు ప్రభుత్వమెఱుగనిది కాదు. అదుపులేని జీతపు జప్తు దోపిడి అప్పులను ప్రోత్సహించుచున్నదనియు, ఉద్యోగములను పోగొట్టుచున్నదనియు 1968 నాటి వినియోగదారుల ఋణరక్షణ చట్టమున అమెరికా కాంగ్రెసే వ్రాసినది. ఆ చట్టము ననుసరించి సాధారణ ఋణములకు, పన్నులు మున్నగునవి పోగా మిగిలిన వేతనములో నాలుగవ వంతు, లేదా గంటకు నిర్ణయించిన సమాఖ్య కనీస వేతనమునకు 30 రెట్లను మించిన వారపు భాగము, ఈ రెండింటిలో ఏది తక్కువయో అంతమాత్రమే జప్తు చేయవచ్చును.

హద్దు గీయుట మంచిదే. అయితే కనీస వేతనము 2009 జూలై నుండి 7.25 డాలర్లకడనే నిలిచిపోయినందున, ఆ హద్దు కూడ వారమునకు 217.50 డాలర్లకడనే కదలక యున్నది. ఇంటియద్దెయు, పాలును, మందులును మాత్రము అచ్చట నిలువలేదు. వారమునకు 290 డాలర్లు తెచ్చుకొను తల్లి అందు 72.50 డాలర్లు కోల్పోయి, మిగిలినదానితో సంసార మీదవలసియున్నది.

ఇంతకన్న దయగల మార్గములు లేకపోలేదు. టెక్సాస్, పెన్సిల్వేనియా, ఉత్తర, దక్షిణ కెరొలినా రాష్ట్రములు సాధారణ వినియోగ ఋణములకు జీతమును జప్తు చేయనీయవు. మన భారతదేశపు సివిలు ప్రొసీజరు కోడు 60వ సెక్షను సాధారణ డిక్రీల విషయమున నెలకు మొదటి 1,000 రూపాయలను, శేషములో మూడింట రెండువంతులను విడిచిపెట్టుటయేగాక, ఒకే డిక్రీక్రింద జప్తు మొత్తము 24 నెలలు సాగిన పిమ్మట ఆ డిక్రీనుండి జీతమునకు పూర్తిగా విముక్తి నిచ్చుచున్నది. కావున అమెరికా కాంగ్రెసు ఈ హద్దును కనీస వేతనమునుండి విడదీసి, జీవనవ్యయముతో ముడివేసి, ఏటేట సవరింపవలెను.

అంతవఱకు అచ్చటి మన తెలుగు కుటుంబములకు ఒక మాట. పరువు పోవునని కోర్టు కాగితమును బీరువాలో దాచినచో, ప్రతివాది పలుకలేదను కారణముననే డిక్రీ వచ్చిపడును. నోటీసు, విచారణ లేకుండ జీతమును స్తంభింపజేయరాదని 1969లో స్నియాడాక్ వ్యాజ్యమున అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పి కల్పించిన అవకాశమును మౌనముతో పోగొట్టుకొనవలదు. ఉచిత న్యాయసహాయ కార్యాలయమున కేగుడు. మీ రాష్ట్రమున లభించు మినహాయింపునకు దరఖాస్తు పెట్టుడు. ఒక్క ఋణమునకై వచ్చిన జప్తును సాకుగా జూపి యజమాని ఉద్యోగమునుండి తొలగింపరాదని తెలిసికొనుడు. అప్పుపడుట నేరము కాదు. గడువులోపల జవాబు వ్రాయుడు.