పిల్లల పుస్తకాలు - పెద్దల భయాలు

"మా పిల్లలు పుస్తకం ముట్టడం లేదండీ!" నిజామాబాదులో ఈ మాట వినని ఉపాధ్యాయుడు లేడు, బోధన్‌లో ఈ మాట అనని తల్లిదండ్రులు లేరు. నేరం పిల్లలది, కాకపోతే ఫోనుది. పెద్దలు మాత్రం నిర్దోషులు! అయితే ఈ తీర్పు చెప్పేముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ముట్టడానికి వాళ్ళ ముందు మనం ఏ పుస్తకం పెట్టాం?

ఇక్కడ నేను మాట్లాడేది తొమ్మిదేళ్ళనుంచి పదమూడేళ్ళ వరకూ ఉన్న పిల్లల గురించి. ఈ వయస్సును మన సాహిత్య విమర్శ పెద్దగా లెక్కలోకి తీసుకోలేదు. అక్షరాలు కూడబలుక్కోవడం వీళ్ళకు అయిపోయింది. పెద్దల నవల ఇంకా అందదు. కాని లోకంలో ఏదో సరిగా లేదని మనిషి మొట్టమొదట పసిగట్టేది ఈ వయస్సులోనే. అమ్మ పొద్దంతా బీడీలు చుట్టినా ఇంట్లో పైసలెందుకు నిలవవు? నాయన దుబాయి పోయి మూడేళ్ళయినా ఎందుకు తిరిగి రాడు? చెరుకు కొట్టడానికి మహారాష్ట్రనుంచి వచ్చి గుడిసెలు వేసుకున్నవాళ్ళ పిల్లలు మన బడికెందుకు రారు? ఈ ప్రశ్నలు ఎవరో నూరిపోసినవి కావు, కళ్ళముందున్నవి. వీటిని గౌరవించే పుస్తకం మంచి పుస్తకం. వీటిని జోకొట్టి నిద్రపుచ్చే పుస్తకం చెడ్డ పుస్తకం. నేను చెప్పదలచినదంతా ఇంతే. తక్కినది దీనికి వివరణ.

ఈ మధ్య నిజామాబాదులో ఒక ప్రైవేటు బడివారు వేసవి సెలవుల్లో చదివించవలసిన పుస్తకాలంటూ తల్లిదండ్రులకు పంచిన జాబితా నా చేతికి వచ్చింది. బడి పేరు అనవసరం. ఇలాంటి జాబితాలు ఊరూరా ఉన్నాయి. అందులో పుస్తకాలు మూడు రకాలు. మొదటివి నీతికథలు. రెండోవి విజయం సాధించడమెట్లాగో బోధించేవి. మూడోవి ఇంగ్లీషు మాంత్రిక విద్యాలయాల కథలు. జాబితా అంతా వెతికినా ఈ కాలపు తెలుగు రచయిత ఒక్కడు లేడు. రెక్కలు ముక్కలు చేసుకుని బతికే మనిషి కథ ఒక్కటి లేదు.

నీతికథలనే చూడండి. అత్యాశ పనికిరాదని బీదవాడికి బోధించే కథలు కొల్లలు. అదే నీతిని వడ్డీ వ్యాపారికి బోధించే కథలెన్ని? ఉన్నవాడికి దయ, లేనివాడికి ఓర్పు! గుణాల ఈ పంపకంలోనే వర్గసమాజం కూర్చుని ఉంది. పంచతంత్రాన్ని నేను తోసిపుచ్చడం లేదు. అది రాజకుమారులకు రాజనీతి నేర్పడానికి చెప్పిన గ్రంథం. అందులో లౌక్యముంది, పదునుంది. ఆ పదునంతా అరగదీసి, చివర "నీతి" అని ఒక వాక్యం తగిలించి మనవాళ్ళు పిల్లలకు పంచుతూన్నారు. రాజకుమారులకు రాజనీతి, మన పిల్లలకు విధేయతా!

విజయగాథలు ఇంతకంటె ప్రమాదకరమైనవి. పేదవాడొకడు పట్టుదలతో కోటీశ్వరుడయ్యాడట. మరి తక్కిన పేదలంతా పట్టుదల లేకనే పేదలుగా ఉన్నారా? చెరుకు రైతు కొడుకు ఆ పుస్తకం మూసి తండ్రివైపు చూసినప్పుడు ఏమనుకోవాలి? ఫ్యాక్టరీ మూతబడటం కూడా తండ్రి పట్టుదలలోని లోపమేననుకోవాలి కాబోలు!

ఇక ఇంగ్లీషు మాంత్రికులు. వాళ్ళమీద నాకు ద్వేషం లేదు. పిల్లవాడు ఇష్టపడి చదువుతూంటే పుస్తకం లాక్కోకండి. హారీ పోటర్ చదివినవాడు కనీసం లావుపాటి పుస్తకాన్ని చూసి భయపడడు. నా ఆక్షేపణ వేరు. ఆ ఒక్క రకమే ఇచ్చినప్పుడు, ఊహలు ఇంగ్లీషులో పుడతాయనీ, తెలుగు పరీక్ష రాయడానికి మాత్రమే పనికివస్తుందనీ పిల్లవాడు నమ్ముతాడు. తన ఊరు కథకు తగినది కాదనుకోవడంకంటె పెద్ద బానిసత్వం ఏముంది?

ఇక్కడ మన మిత్రులే కొందరు అడ్డువస్తారు. "మాయలూ మంత్రాలూ పిల్లల బుర్రలు పాడుచేస్తాయి, వాళ్ళకు శుద్ధ వాస్తవికత ఇవ్వాలి" అంటారు. ఈ వాదం పాతది, పొరపాటుది. 1947 జూలైలో మొదలైన 'చందమామ'ను 1952నుంచి 1980లో మరణించేవరకూ తీర్చిదిద్దినవాడు కొడవటిగంటి కుటుంబరావు. ఆయన మార్క్సిస్టు దృక్పథం తెలియనివారు లేరు. అయినా రాక్షసులనూ బేతాళుణ్ణీ ఆయన పిల్లలకు నిషేధించలేదు. బేతాళ కథ ఎట్లా ముగుస్తుందో గమనించండి. నీతికథ చివర తీర్పు ఉంటుంది. బేతాళ కథ చివర ప్రశ్న ఉంటుంది. సమాధానం తెలిసీ చెప్పకపోతే రాజు తల పగిలిపోతుంది! రాజునే ప్రశ్నించి, నోరు విప్పక తప్పని పరిస్థితిలో పెట్టే కథ పిల్లల బుర్రలు పాడుచేస్తుందా? అలాగని చందమామను పూజించనక్కరలేదు. మెచ్చి అర్ధరాజ్యం ఇచ్చే రాజులు కనబడినంతగా ఆ రాజ్యానికి శిస్తు కట్టిన రైతులు కనబడరు. మాదిగ వాడలోని పిల్ల కథానాయిక కావడం అరుదు. ఆ పత్రిక ఆగిపోయి పదేళ్ళు దాటింది. దాని లోపం పూరించే పని మనమీద ఉండగా, రాక్షసులతో యుద్ధం చేస్తూ కూర్చున్నాం.

మనం చేసిందేమిటి? కుందేళ్ళు శ్రామికులు, నక్క పెట్టుబడిదారు. పదో పేజీలో కుందేళ్ళు సంఘం పెడతాయి. పన్నెండో పేజీలో గెలుస్తాయి. పిల్లవాడు ఈ కథ నమ్ముతాడా? తన తాత చేసిన సమ్మెల్లో ఎన్ని గెలిచాయో, ఎన్ని ఓడాయో ఇంట్లో విన్నవాడు వాడు. అంత తేలికగా గెలిచే పోరాటం కథలో చదివి, మన మాటలన్నీ ఇంతేనన్న నిర్ణయానికి వస్తాడు. నీతి ఎర్ర అట్ట వేసుకున్నా నీతే. నీతికథ రాసేవాడికీ, ఈ రకం అభ్యుదయవాదికీ ఒకటే భయం: పిల్లవాణ్ణి తనంతట తాను ఆలోచించనిస్తే మన నిర్ణయానికి రాడేమోనని! మన నిర్ణయం సరైనదైతే ఆ భయమెందుకు?

మరి ఏ పుస్తకాలివ్వాలి? విమర్శకుడు పేర్లు చెప్పకుండా తప్పించుకోరాదు గనుక చెబుతాను.

మొదటిది ప్రేమ్‌చంద్ 'ఈద్గా'. 1936లో లక్నోలో జరిగిన తొలి అఖిల భారత అభ్యుదయ రచయితల మహాసభకు అధ్యక్షత వహించిన ప్రేమ్‌చంద్ 1933లో రాసిన కథ ఇది. తల్లీ తండ్రీ లేని హామిద్ జేబులో మూడు పైసలున్నాయి. దోస్తులు బొమ్మలూ మిఠాయిలూ కొంటారు. రొట్టె కాల్చేటప్పుడు చెయ్యి కాల్చుకునే నాయనమ్మకోసం వాడు పట్టకారు కొంటాడు. ఇంతటితో ఆగితే ఇదీ నీతికథే అయ్యేది. కాని హామిద్ బుద్ధిమంతుడైన బొమ్మ కాదు. వాడికీ నోరూరుతుంది, దోస్తులు వెక్కిరిస్తే వాదనకు దిగుతాడు, మట్టిబొమ్మలన్నీ తన ఇనుప పట్టకారు ముందు నిలవవని రుజువు చేస్తాడు. బోధన్ తరగతి గదుల్లో హామిద్‌లున్నారు. తెలుగు కథలో తమ పేరు విని వాళ్ళు తలెత్తడం ఒక్కసారి చూడండి.

ఆ తర్వాత ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు', నామిని 'పచ్చనాకు సాక్షిగా'. ఒకటి నెల్లూరు వైపు ముస్లిం ఇంటిది. ఒకటి చిత్తూరు వైపు రైతు ఇంటిది. రెండింటిలోనూ పేదరికముంది, దాన్ని చూసి నవ్వగల గుండె ఉంది. "ఆ యాస మన పిల్లలకు అర్థం కాదు" అంటారు. లండన్ అర్థమైన పిల్లలకు చిత్తూరు అర్థం కాదా? వాళ్ళ యాస పుస్తకానికెక్కిందని తెలిసిన పిల్లవాడు, "మా నిజామాబాదు మాట ఎందుకు ఎక్కలేదు?" అని అడుగుతాడు. అడగాలి.

2008లో 'అన్వేషి' సంస్థ పిల్లలకోసం తెచ్చిన కథల మాలికలో గోగు శ్యామల కథలున్నాయి. అందులో పొలానికి నీళ్ళు కట్టే దళిత బాలిక ఉంది. ఆమె జాలిపడవలసిన పిల్ల కాదు. దొరను ఎదిరించే పిల్ల. మన వాచకాల్లో దళిత బాలికలు కనిపించినప్పుడల్లా దయకు పాత్రులుగానే ఎందుకు కనిపిస్తారో ఈ కథ చదివాక పిల్లలే అడుగుతారు.

తెత్సుకో కురొయనాగి 'రైలుబడి'ని పిల్లలకంటె ముందు ఉపాధ్యాయులు చదవాలి. ఒక బడినుంచి వెళ్ళగొట్టిన పిల్ల మాటలను కొత్త బడి ప్రధానోపాధ్యాయుడు గంటల తరబడి కూర్చుని వింటాడు. పాత రైలుపెట్టెల్లో నడిచిన ఆ బడి 1945లో బాంబుదాడుల్లో కాలిపోయింది. యుద్ధమంటే ఏమిటో చెప్పడానికి ఉపన్యాసం అక్కరలేదు. ఆ బడి కాలిపోవడం చాలు.

పన్నెండేళ్ళు దాటినవారికి ఐత్‌మాతోవ్ 1962లో ప్రకటించిన 'తొలి ఉపాధ్యాయుడు'. తనకే సరిగా చదువురాని దూయిషెన్ గుర్రపుసాలను బడిగా మార్చి, చలిలో పిల్లలను వీపున మోసి వాగు దాటిస్తాడు. ఇందులో బాలికమీద జరిగిన అత్యాచారముంది. కనుక ఉపాధ్యాయుడు ముందు తాను చదివి, పక్కనుండి చదివించాలి. దాచిపెట్టడం మాత్రం పరిష్కారం కాదు. బాల్యవివాహాలు జరిగే దేశంలో ఆ బాధను పిల్లలు ఎరగరనుకోవడం మన అమాయకత్వం.

ఇరానులో పల్లెటూరి బడిపంతులు సమద్ బెహ్రంగీ రాసిన చిన్న నల్లచేప కథ 1968లో వచ్చింది. వాగు చివర ఏముందో చూడాలని బయలుదేరిన చేపపిల్లను పెద్దలంతా అడ్డుకుంటారు. పుస్తకం దొరక్కపోయినా ఈ కథ తరగతిలో నోటితో చెప్పవచ్చు. శాస్త్రవిజ్ఞానానికి మహీధర నళినీమోహన్ 'గ్రహణాల కథ', 'పిడుగు దేవర కథ' ఉన్నాయి. గ్రహణంనాడు తలుపులు మూసుకునే ఇంట్లో ఆ పుస్తకం చేసే పని వంద ఉపన్యాసాలు చెయ్యవు. సోవియట్ యూనియన్ 1991లో కూలడంతో మాస్కోనుంచి చవకగా వచ్చే తెలుగు పుస్తకాలు ఆగిపోయిన మాట నిజమే. కాని హైదరాబాద్ బుక్ ట్రస్ట్, మంచి పుస్తకం వంటి సంస్థలు ఆ తర్వాత కూడా పిల్లల పుస్తకాలు వేస్తూనే ఉన్నాయి. లోపం ముద్రణలో కంటె మన ఎంపికలో ఎక్కువగా ఉంది.

అయితే ఈ జాబితాలో పెద్ద ఖాళీ ఒకటుంది. మంజీరమీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ నీటితో చెరుకు పండింది. 1937లో బోధన్ దగ్గర నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసింది. దాని చుట్టూ శక్కర్‌నగర్ పుట్టింది. 2002లో ప్రభుత్వం అందులో 51 శాతం వాటాను ప్రైవేటు చేతికిచ్చింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతబడింది. ఆ ఏడు పుట్టిన పిల్ల ఇవాళ సరిగ్గా మనం మాట్లాడుతూన్న వయస్సుకు వచ్చింది. తాత ఏ సైరన్ విని డ్యూటీకి పరుగెత్తేవాడో ఆమె వినలేదు. చెరుకు బండ్ల బారులు, పిప్పి కుప్పలు, మడ్డి వాసన ఆమెకు తెలియవు. పాడుబడిన గోడలు మాత్రం తెలుసు. అవి ఎందుకు పాడుబడ్డాయని ఆమె అడిగితే చేతిలో పెట్టడానికి ఆమె వయస్సుకు తగిన పుస్తకం మన దగ్గర లేదు. సభల్లో తీర్మానాలు చేశాం, కరపత్రాలు వేశాం. పదకొండేళ్ళ పిల్లకోసం ఎనభై పేజీల కథ రాయలేదు. మనకు సమాధానం తెలుసు, చెప్పలేదు. బేతాళుడి లెక్క ప్రకారం మన తలలు ఎప్పుడో పగలవలసింది!

ఎవరు రాయాలి? మనం రాయలేకపోతే పిల్లలే రాస్తారు. సిద్దిపేట వైపు జక్కాపూర్ బడిపిల్లలు రాసిన కథలు పుస్తకంగా వచ్చాయి. మన ఉపాధ్యాయుడు పిల్లలను తాతల దగ్గరికి, అవ్వల దగ్గరికి పంపి, ఫ్యాక్టరీలో మొదటిరోజు, చివరిరోజు ఎట్లా గడిచాయో అడిగి రాసుకురమ్మంటే చాలు. తాతలు చెప్పినవి ఒకదానికొకటి పొసగకపోవచ్చు. పొసగనివ్వకండి. తప్పెవరిదో పిల్లలే వాదించుకుంటారు.

చివరగా బీరువాల సంగతి. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ కథల పుస్తకాలతో సహా గ్రంథాలయం ఉండాలంది. 1960 గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నాం. పుస్తకం పోతే జవాబు చెప్పుకోవాలన్న భయంతో బీరువాకు తాళం వేసే ఉపాధ్యాయులు మనలోనూ ఉన్నారు. చదివి చదివి చిరిగిన పుస్తకం నష్టం కిందా, చెదలు తిన్న పుస్తకం భద్రంగా ఉన్నట్టూ లెక్క! 1948లో ఈ నిజామాబాదు జైలులోనే కాగితం కలం లేక దాశరథి బొగ్గుతో గోడలమీద కవిత్వం రాశాడు. అదే జైలులో ఆయనతో ఉన్న వట్టికోట ఆళ్వారుస్వామి చిన్ననాడు ఇళ్ళలో వంటపని చేస్తూ చదువుకుని, 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి తెలంగాణాకు పుస్తకాలు పంచినవాడు. వాళ్ళ పేర్లు చెప్పుకుని సభలు జరిపే ఊళ్ళో పిల్లల బీరువాకు తాళమా?

ఉపాధ్యాయ మిత్రులూ, విద్యార్థి మిత్రులూ ఈ ఏడాది మూడు పనులు చెయ్యాలి. బీరువా తాళం తీసి, పుస్తకం ఇంటికివ్వాలి. పిల్లలకిచ్చే ప్రతి పుస్తకం ముందు తాము చదవాలి. బోధన్ పిల్లలు రాసుకువచ్చే ఫ్యాక్టరీ కథలను దిద్ది పాడుచెయ్యకుండా అచ్చువేయించాలి. "మీరు ఫ్యాక్టరీని ఎందుకు కాపాడుకోలేకపోయారు?" అని ఆ కథల్లో ఏ పిల్లయినా మనల్నే అడిగితే, ఆ వాక్యం కొట్టివేయకుండా ఉంచుదాం.