‘అన్‌కెంప్ట్’ తోటకు తెలుగు మాట

ఆలనాపాలనా లేని తోటను ఆంగ్లంలో ‘అన్‌కెంప్ట్’ అంటారు. దువ్వుట అను అర్థంగల ‘కెంబ్’ అనే పాత క్రియనుండి పుట్టిన పదమిది. దువ్వెనకు వాడే ‘కోంబ్’ దీని దగ్గరి చుట్టమే. తలకు చెప్పిన మాట తోటకెక్కింది.

దీనిని కొందరు ‘నిర్లక్ష్యం చేయబడిన తోట’ అంటారు; అది తెలుగు నుడికారం కాదు. ‘బీడు’ అనుటయూ పొసగదు. మా నల్లజర్ల మెట్టరైతుకు బీడంటే సాగులేని నేల. ఈ తోటలో చెట్లు బ్రతికే ఉన్నవి; కత్తిరించే చేయి మాత్రమే కరవు. గుర్రపుడెక్క కమ్మినంత మాత్రాన కొల్లేరు సరస్సు కాకపోదు గదా!

చింపిరి జుట్టు అన్నట్లే ‘చింపిరి తోట’ అందాము. బీడన్నచో నాగలి గుర్తుకు వచ్చును; చింపిరి అన్నచో దువ్వాలనిపించును. పేరును బట్టియే పూనిక.