నానో సీసాలో ఏమున్నది?

ఎరువుల దుకాణాలకు నానో సీసాలు వచ్చాయి. 2021లో యూరియాతో మొదలై జింకు, రాగి వరకూ నడిచింది. బస్తా యూరియా అయితే రైతు గుప్పిట పట్టి చూసుకుంటాడు. సీసాలోని రేణువుల కొలత మిల్లీమీటరులో పది లక్షలో వంతు లెక్కన సాగుతుంది. కంటికి ఆనదు. లేబులును నమ్మడమే మిగిలింది.

చూసే సాధనం లేకపోలేదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు రేణువు సైజును చూపుతుంది. ఎలక్ట్రాన్లు తగిలినప్పుడు ఒక్కొక్క మూలకం తనదైన శక్తి గల ఎక్స్‌రేను వెలువరిస్తుంది. ఇనుముది 6.4, జింకుది 8.6 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. పక్కనుండే డిటెక్టరు దానిని పట్టి ఏ మూలకమో చెబుతుంది. అయితే మందు చుక్కను ఆరబెట్టే 3 మిల్లీమీటర్ల జాలీ సాధారణంగా రాగిదే. దానిపై రాగి మందు పెడితే జాలీ రాగి కూడా లెక్కలోకి వచ్చేస్తుంది! జాలీ మార్చి చూడాలి. నత్రజని ఎక్స్‌రే మరీ బలహీనం కనుక యూరియాకు రసాయన పరీక్షే మేలు.

ఈ పరికరాలు హైదరాబాదు పరిశోధన సంస్థలలో ఉన్నాయి. వ్యవసాయ శాఖ దుకాణాల నుండే నమూనాలు తీసి పంపి, ఫలితాలను పంచాయతీ ఆఫీసు బోర్డుపై తెలుగులో అంటించాలి. రేణువు సన్నమని తేలినంత మాత్రాన దిగుబడి పెరుగుతుందని కాదు. అది పొలంలో తేలవలసినది. ఆ లెక్కలూ పక్కనే పెట్టాలి. ఖరీఫ్ అమ్మకాలకు ముందే ఈ పని జరగాలి.