లియాన్ దీపోత్సవం: ఏ రాత్రి వెళ్లాలన్నదే ప్రశ్న

ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో ఏటా డిసెంబరు 8కి అటూఇటుగా నాలుగు రాత్రులు జరిగే దీపోత్సవానికి ప్రవేశ రుసుము లేదు. చిక్కంతా రద్దీతోనే. దాదాపు 20 లక్షల మంది వస్తారని అంచనా. శనివారం రాత్రి పిల్లలతో వెళ్లడం సాహసమే.

2015 నవంబరు 13 నాటి పారిస్ ఉగ్రదాడుల దరిమిలా ఆ ఏడాది ప్రదర్శనలు రద్దయ్యాయి; మృతుల స్మృత్యర్థం కిటికీలలో కొవ్వొత్తులు మాత్రం వెలిగాయి. మరుసటి ఏటి నుంచి నగర మధ్యభాగంలోకి తనిఖీల అనంతరమే అనుమతి. ఆ జాప్యాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

పర్యాటక ప్రచారం చూపేది భవనాలపై కాంతి ప్రదర్శనలనే. 1852 డిసెంబరు 8న ఫూర్వియేర్ కొండపై మేరీమాత విగ్రహావిష్కరణ వేళ పౌరులు కిటికీలలో వెలిగించిన దీపాలే ఉత్సవానికి మూలం. ఇళ్ల కిటికీలలో ఆ దీపాలు నేటికీ వెలిగేది 8వ తేదీ రాత్రే. ఒక్క రాత్రికే వీలుంటే, అది వారాంతమైనా సరే, ఆ తేదీనే ఎంచుకోవడం సముచితం. బస మాత్రం నెలల ముందే ఖరారు చేసుకోవాలి.