వాగ్గేయకారునికి బహువచనం లేదా? చౌరస్తా బృందం, తెలుగు శాఖల మౌనం

తెలుగు పాటపై విశ్వవిద్యాలయాలలో జరుగుతున్న పరిశోధన చాలావరకు మూడు గదుల ఇంట్లో కాపురముంటున్నది. ఒక గది జానపద గేయానిది, రెండవది సినిమా గీతానిది. మూడవ దానిలో లలిత గీతమూ ఉద్యమ గీతమూ ఇరుకుగా సర్దుకొని ఉన్నాయి. హైదరాబాదు కేంద్రంగా 2010ల చివరి సంవత్సరాలలో వినవచ్చిన చౌరస్తా బృందం పాటలకు ఈ ఇంట్లో చోటు దొరకలేదు. రాక్, రెగ్గే నడకలను పల్లె నుడికారంతో కలిపి, మాటా బాణీ తామే కట్టుకొని, తామే పాడిన ఆ యువకులు శ్రోతలకు బాగా తెలుసు. తెలుగు శాఖలకు తెలియరు. ఈ తెలియకపోవడం యాదృచ్ఛికం కాదు. శాఖలు పాటను నిర్వచించుకొన్న తీరులోనే దాని మూలం ఉన్నది.

వాగ్గేయకార శబ్దాన్ని తెలుగు పరిశోధన ఎంతో భక్తితో ఉచ్చరిస్తుంది. బాలాంత్రపు రజనీకాంతరావు ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’నకు 1961లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. అయినా ఆచరణలో ఆ శబ్దం క్షేత్రయ్య, త్యాగయ్యల వంటివారి దాకా వచ్చి మర్యాదగా ఆగిపోతున్నది. 13వ శతాబ్దంలో ‘సంగీతరత్నాకరం’ రచించిన శార్ఙ్గదేవుడు మాత్రం అటువంటి గడువేదీ విధించలేదు. వాక్కు మాతువు, గేయం ధాతువు; రెండింటినీ కూర్చగలవాడు వాగ్గేయకారుడు. పరుల ధాతువుకు మాతువు కూర్చేవానికి ఆయన కుట్టికారుడని వేరే పేరు పెట్టాడు. అంటే ముందు బాణీ, తరువాత మాట అనే ఫిల్మ్‌నగర్ పద్ధతికి ఏడు వందల ఏళ్ల కిందటే శాస్త్రంలో పేరున్నది. సినిమా కవులను చిన్నబుచ్చడానికి చెప్పే మాట కాదిది. బాణీకి మాట పొదగడంలో వేటూరి చూపిన నేర్పును కాదనగలవారు లేరు. ప్రశ్న వేరు. కుట్టికారుల పాటలు సిద్ధాంత వ్యాసాలకు అర్హమైనప్పుడు, లక్షణం ప్రకారం వాగ్గేయకారులైన యశ్వంత్ నాగ్, రామ్ మిరియాల వంటివారు పరిశోధకుని బల్లమీదికి రాకపోవడానికి శాస్త్రీయమైన కారణమేది? చేతిలో తంబురాకు బదులు గిటారు ఉండడమా? ఒక్కరు కాక నలుగురు కలిసి పాడడమా?

‘ఊరెల్లిపోతా మామ’ అనే పాటను పరిశీలించవచ్చు. నగరంలో చిక్కుకొన్న ఒకడు తన ఊరికి తిరిగి వెళ్లిపోతానంటాడు; ఏ ఊరని ఎదుటివాడు అడుగుతాడు; నల్లమల అడవుల్లోని ఒక పల్లె మాటల్లో కళ్లకు కడుతుంది. వెళ్లడానికి అతడు ఎంచుకొన్న వాహనం ఎర్రబస్సు. ‘ఎర్రబస్సెక్కి వచ్చినవాడు’ అన్నది పల్లె మనిషిపై నగరం వేసిన ఎగతాళి. పాట ఆ ఎగతాళికి జవాబు చెప్పదు, వాదించదు, బస్సును వెనక్కి తిప్పుతుంది. ‘మామ’ అన్న సంబోధన కూడా అటువంటిదే. పల్లెలో అది వావి, నగరపు కుర్రకారు నోట అది స్నేహితుణ్ణి పిలిచే పిలుపు. ఒకే పదంలో రెండు సమాజాలు నిలబడ్డాయి. వలస సాహిత్యంపై వెలువడే వ్యాసాలలో ‘మూలాల వెతుకులాట’ అనే పదబంధం ఎంత అరిగిపోయిందో తెలిసినవారికి ఈ పొదుపు విలువ తెలుస్తుంది.

ఇక లయ. 1960ల చివర జమైకాలో రూపుదిద్దుకొన్న రెగ్గేలో గిటారు దెబ్బ సాధారణంగా తాళపు ఘాతపై కాక, ఘాతల నడిమి సందులో పడుతుంది. తెలుగు మాత్రాఛందస్సులో ఊనిక ఎక్కువగా గణారంభాన్ని కోరుతుంది. ఈ రెండూ కలిసినచోట వాద్యం పక్కకు తప్పుకొంటుంది, మాట నిలబడుతుంది. చౌరస్తా ప్రయోగంలోని కీలకం ఇదే. హోరులో మాట మునిగిపోతున్నదని సినిమా పాట గురించి దశాబ్దాలుగా వాపోతున్న విమర్శకులు ఈ కూర్పును పట్టించుకోలేదు. కాగితంమీది సాహిత్యాన్ని మాత్రమే చదివేవారికి ఇది కనిపించే అవకాశమూ లేదు.

ఇంత జనాదరణ పొందినదాన్ని ఉపేక్షితమనడం ఎట్లా అని ఒక ఆక్షేపణ రావచ్చు. 2020 మార్చిలో కరోనా భయం కమ్ముకొన్నప్పుడు చేతులు కలపవద్దని ఈ బృందం కట్టిన పాట ఊరూవాడా వినబడిన మాట నిజమే. వినబడడం వేరు, అధ్యయనం కావడం వేరు. జానపద గేయమూ ఒకప్పుడు ఊరంతా వినబడేదే. దానికి విశ్వవిద్యాలయ గౌరవం దక్కడానికి బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ రావలసి వచ్చింది.

ఎర్రగడ్డ ఆదివారపు సంతలో వస్తువు చేతులు మారినప్పుడు పాత యజమాని ఎవరని అడిగేవారుండరు. కొద్ది దూరంలోని జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లలో స్వరం చేతులు మారినప్పుడూ అంతే. రామ్ మిరియాల గొంతు 2021లో ‘జాతిరత్నాలు’లోని చిట్టి పాటకు, 2022లో ‘డీజే టిల్లు’ పేరుపాటకు, 2023లో ‘బలగం’లోని ఊరు పాటకు చేరింది. టిల్లు పాటకు బాణీ కూడా ఆయనదే, మాట కాసర్ల శ్యామ్‌ది. ‘బలగం’ పాటకు బాణీ భీమ్స్‌ది, మాట మళ్లీ కాసర్ల శ్యామ్‌దే. ఆ మాటకు జాతీయ పురస్కారం వచ్చింది. అందులో అన్యాయమేమీ లేదు. అయితే ఒకచోట కలిసి ఉన్న మాతుధాతువులు ఇక్కడ మళ్లీ విడిపోయాయి. వాగ్గేయకారుడు ఒకచోట స్వరకర్తగా, మరొకచోట గాయకుడుగా మిగిలాడు. ఇటీవలి సినిమా పాటలో పల్లెగొంతు అలంకారంగా కాక కథానాయక స్వరంగా నిలిచిందంటే, ఆ చెవిని తయారు చేసినవారిలో చౌరస్తా ముందువరుసలో ఉన్నది. సినిమా గీతంపై రేపు రాబోయే సిద్ధాంత గ్రంథాలు ఆ గొంతును ‘సినిమా గాయకుడు’ అన్న శీర్షిక కిందనే నమోదు చేస్తే ప్రభావచరిత్ర తలకిందులవుతుంది.

బెంగాలీలో ఇటువంటి అనుభవం ఉన్నది. 1970ల నడుమ కలకత్తాలో పుట్టిన ‘మొహీనేర్ ఘోడాగులి’ బృందాన్ని సమకాలికులు పెద్దగా ఆదరించలేదు. పేరును జీవనానంద దాస్ కవిత నుంచి తెచ్చుకొన్నా సాహిత్యలోకం వెంటనే కరగలేదు. పునరాదరణ 1990లలో గాని రాలేదు. ఆ బృందం బాణీ ఒకటి 2006లో హిందీ చిత్రం ‘గ్యాంగ్‌స్టర్’కు చేరింది. తెలుగు శాఖలు కూడా ఇరవై ఏళ్లు ఆగవలసిన పనిలేదు.

తిరుమల సంకీర్తన భండారంలోని రాగిరేకులపై అన్నమయ్య మాటలున్నాయి, రాగాల పేర్లున్నాయి. ఆయన పాడిన బాణీ లేదు. ఆ లోటుకు పరిశోధకులు నేటికీ బాధపడుతున్నారు. చౌరస్తా పాటలకు మాట, బాణీ, గొంతు మూడూ ఉన్నాయి. వాటిలోంచి మాటను మాత్రమే వేరుచేసి ‘సాహిత్యం’గా తూచి, తేలికగా ఉన్నదని పక్కన పెట్టడం ఉన్న ధాతువును కోరి పోగొట్టుకోవడమే. ఆ మాట కూడా స్థిరంగా లేదు. అంతర్జాలంలో ఇప్పటికే ‘ఊరెల్లిపోతా’, ‘ఊరెళ్ళిపోతా’ అని రెండు రూపాలు తిరుగుతున్నాయి. ఒకటి నోటి పలుకును పట్టుకొన్నది. మరొకటి దానిని బడిపుస్తకపు వర్ణక్రమంలోకి దిద్దింది. ఒక మాండలికం ఒక్క అక్షరంలో చెరిగిపోతున్నది. పాఠపరిష్కరణ తెలుగు శాఖల సొంత విద్య. జనం నోళ్లలో తిరుగుతున్న పద్యాలను వేటూరి ప్రభాకరశాస్త్రి ‘చాటుపద్యమణిమంజరి’గా గుదిగుచ్చినప్పుడు వాటిని తేలిక పద్యాలని వదిలివేయలేదు. ఏ పాఠం సరైనదో శ్రీనాథుణ్ణి అడిగి తెలుసుకొనే అవకాశం ఆయనకు లేదు. ఈ పాటలు కట్టినవారిని నేడు అడగవచ్చు.